ఫ్లో నెట్ ముందా, సాఫ్ట్‌వేర్ ముందా?

మట్టికట్టల్లో ఊటనీటి లెక్క, వాలు జారకుండా నిలిచే లెక్క నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? డ్యాముల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరుకూ, ఎంటెక్ చదువుతున్న అమ్మాయికీ మధ్య వాదం ఇది. ఫ్లో నెట్ అంటే కట్టలో నీరు పోయే దారుల గీతలూ, హెడ్ (నీటిని తోసే మట్టం తేడా) మెట్లుమెట్లుగా తగ్గే గీతలూ చతురస్రాల్లా కోసుకునే బొమ్మ. దారుల మధ్య పట్టీలు ఫ్లో చానెళ్లు, తగ్గే మెట్లు డ్రాపులు.

విద్యార్థిని: ఫ్లో నెట్ చేత్తో గీయడం ఇప్పుడెవరికి కావాలి సార్? కట్ట గీసి మట్టి గుణాలు ఇస్తే సాఫ్ట్‌వేరే ఫ్రియాటిక్ లైను (కట్ట లోపల తడికి పై హద్దు) చూపిస్తుంది, వేల స్లిప్ సర్కిళ్లు (వాలు జారగల వంపు గీతలు) వెతికి ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (జార్చే బలానికి నిలిపే బలం ఎన్ని రెట్లో) చెబుతుంది. ఉద్యోగంలో అడిగేదీ అదే.

సారు: కాదననమ్మా. ఒక్కటి చెప్పు. ఒకే మట్టితో కట్టిన కట్టలో పర్మియబిలిటీ (మట్టి నీటిని పోనిచ్చే గుణం) పది రెట్లు పెంచితే, స్టెడీ సీపేజ్‌లో (కాలంతో మారని ఊటలో) ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఏమవుతుంది?

విద్యార్థిని: నీళ్లు ఎక్కువ ఊరతాయి కాబట్టి తగ్గుతుంది.

సారు: ఇసుమంత కూడా మారదు. హెడ్ 10 మీటర్లు, ఫ్లో చానెళ్లు 4, డ్రాపులు 12, పర్మియబిలిటీ సెకనుకు 0.000001 మీటరు అనుకో. కట్ట మీటరు పొడవుకు రోజుకు దాదాపు 288 లీటర్లు ఊరుతుంది. పది రెట్లు పెంచితే 2,880. నెట్ ఆకారం మాత్రం అదే, పోర్ ప్రెషర్ (మట్టి సందుల్లోని నీటి ఒత్తిడి) ఎక్కడిదక్కడే. వాలును బలహీనపరిచేది ఆ ప్రెషరే గానీ లీటర్లు కాదు. మరి మారేదెప్పుడు? రోలరు పొరలుపొరలుగా తొక్కిన కట్టలో నీరు నిలువుగా కన్నా అడ్డంగా సులువుగా పోతుంది. అడ్డ పర్మియబిలిటీ నిలువుదానికి 9 రెట్లుంటే, కట్ట అడ్డుకొలతలన్నీ మూడోవంతుకు కుదించి నెట్ గీసి, మళ్లీ సాగదీయాలి. ఆ సాగదీతలో తెలుస్తుంది, తడి దిగువ వాలు మీద ఎంత పైకి తేలుతుందో. పెన్సిలుతో అది చేసినవాళ్లు ఏ అంకె కోసం ఆరాటపడాలో మరిచిపోరు.

విద్యార్థిని: ఆ నిష్పత్తిని 1, 4, 9 అని మార్చి నేనూ చూడగలను. మీరు ఒక నెట్ గీసేలోపు పాతిక కట్టలు చూస్తాను, అదీ నేర్చుకోవడమే. ఇంకో సంగతి. నల్లరేగడి కాలువ గట్టు నిండు నీటితో నిలబడుతుంది, షట్టర్లు దించి నీరు తీసేయగానే జారుతుంది. వానకు నానే కొండవాలులోనూ ప్రెషర్ గంటగంటకీ మారుతుంది. మీ నెట్‌లో కాలం ఎక్కడుంది సార్?

సారు: లేదు. అక్కడ కాలంతో మార్పును లెక్కగట్టే ట్రాన్సియెంట్ మోడలే కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు పర్మియబిలిటీ పది రెట్లు తప్పితే, గట్టులో నీరు దిగే రోజులూ పది రెట్లు తప్పుతాయి. నువ్విచ్చే అంకె ఎక్కడిది? బోర్‌హోల్లో టెస్టు చేయకుండా పుస్తకంలోది ఎత్తి రాసిన రిపోర్టులు ఎన్ని చూడలేదూ!

విద్యార్థిని: టెస్టుకు డబ్బివ్వనిది మేమా? ఐదు బోర్లు అడిగితే రెండు చాలంటున్నది పెద్దలే. పీజోమీటర్లు (లోపలి నీటి ఒత్తిడి కొలిచే గొట్టాలు) పెట్టించరు, పెట్టినా రీడింగు తీయించరు.

సారు: పీజోమీటరు చూడకుండా కట్ట భేషుగ్గా ఉందని సంతకం పెట్టేవాళ్లను నేను వెనకేసుకురాను. ఆ తగువు వేరు. 1966లో వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల దిబ్బ జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. దిబ్బ పోసింది ఊటల మీద. ఆ ఊటలు అప్పటికే మ్యాపుల్లో ఉన్నాయి. నీరెటు పోతుందని అడిగే అలవాటే లేకపోయింది.

విద్యార్థిని: అందులో నాకు అర్థమయ్యేది మ్యాపు చూడాలి, సైటుకు వెళ్లాలి అని. పెన్సిలు పట్టమని ఎక్కడుంది?

సారు: సైటులో దేనికోసం చూడాలో తెలియొద్దూ? నెట్ గీసినవాళ్లు దిగువ వాలు మీద తడి ఏ మట్టం దగ్గర కనబడాలో ముందే అనుకుని వెళ్తారు. అక్కడ పొడిగా ఉండి టో (వాలు అడుగు) దగ్గర నీరు మట్టిరంగులో వస్తుంటే, లోపల మట్టి కొట్టుకుపోతోందని అక్కడే ఆగుతారు.

విద్యార్థిని: సరే, అదే కట్టకు రెండూ చేసుకొస్తాను. కలవకపోతే?

సారు: ముందు బౌండరీ కండిషన్లు, అంటే కట్ట అంచుల్లో నీరు ఎలా ఉంటుందని సాఫ్ట్‌వేర్‌కు చెప్పావో చూడు. దిగువ ముఖాన్ని సీపేజ్ ఫేస్ (నీరు బయటికి ఊరే ముఖం) అని చెప్పకుండా వదిలేస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని నీరు దాటని గోడ అనుకుంటుంది, ఫ్రియాటిక్ లైను పైకెక్కి కూర్చుంటుంది. అది సరిగ్గా ఉండీ తేడా వస్తే నీ నెట్ కాగితం పట్టుకురా, చతురస్రాలు కుదిరాయో లేదో కలిసి చూద్దాం.