ఖాళీ గడిలో సంపూర్ణ ఆరోగ్యం

మందులూ డాక్టర్లూ లేకుండానే అంటువ్యాధులను నిర్మూలించవచ్చని ఒక సాఫ్ట్‌వేర్ వచ్చి చూపించేదాకా మన విజయనగరం జిల్లావాళ్లకు తెలియకపోవడం విచారకరం. వ్యాధుల నిఘా కోసం తయారుచేసిన సదరు డేటాబేసులో ఏ ఊరి నుంచైనా రిపోర్టు రాకపోతే ఆ గడిలో దానంతటదే సున్నా పడుతుంది. సున్నా పడితే పటంలో ఆ ఊరు పచ్చబడుతుంది, అంటే అక్కడ జబ్బే లేదన్నమాట. అడిగితే ఎవరికీ జ్వరం లేదన్నారనడమూ, అడగడానికి మనిషే లేడనడమూ దానికి ఒకటే.

2004లో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలుపెట్టిన పెద్దలకు ఇంత తెలివి లేదు పాపం. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం ఎస్ ఫారంలో లక్షణాలు, డాక్టరు పి ఫారంలో అనుమానం, ల్యాబు ఎల్ ఫారంలో నిర్ధారణ వారంవారం పంపాలనీ, కేసులు లేకపోతే లేవనైనా రాసి పంపాలనీ పట్టుబట్టారు.

ఇప్పుడా చాదస్తం లేదు. శృంగవరపుకోట కొండల మీద ఏఎన్‌ఎం పోస్టు ఖాళీగా ఉండి, సెల్ సిగ్నల్ అందని ఊరు ఉందనుకోండి. అది ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. అక్కడ మలేరియాతో వణికేవాణ్ణి డోలీ కట్టి కిందికి దించితే, కేసు ఆసుపత్రి ఉన్న ఊరి ఖాతాలో పడి ఆ ఊరు ఎర్రబడుతుంది. సమీక్షలో కింది ఊరి ఏఎన్‌ఎంకు మెమో, కొండ ఊరికి ప్రశంసాపత్రం! అందుకోవడానికి అక్కడ ఉద్యోగి లేరంటారా, రోగిని దించిన డోలీ ఎలాగూ ఖాళీగానే తిరిగి వెళుతుంది కనుక అందులో పెట్టి పంపితే సరిపోతుంది. మెమో అందుకున్నావిడ మాత్రం మరుసటి వారం నుంచి గడి ఖాళీగా వదిలేయడం నేర్చుకుంటుంది.

2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు ఎందరు పోయారన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. పోయినవాళ్ల పేర్లు ఊళ్లో చిన్నపిల్లలనడిగినా చెబుతారు. అవి మీ కంప్యూటర్లకు ఎందుకు అందవు? విరేచనాలతో మనిషి పోతే ‘ఇతర కారణాలు’ అన్న గడిలోకి తోసెయ్యడానికి మీకు చేతులెలా వస్తాయి?

మేమడిగేది పెద్ద కోరికేమీ కాదు. రిపోర్టు వచ్చిందో లేదో చెప్పే గడి ఒకటి, రోగి సొంత ఊరికీ చేరిన ఆసుపత్రికీ వేర్వేరు గడులు పెట్టండి. రిపోర్టు రాని ఊరిని పటంలో తెల్లగా వదిలేయండి. అప్పుడు ఏ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో పటం చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. తెల్లరంగు పెట్టకపోవడానికి కారణం సాంకేతికమేనని అధికారులు చెబుతున్నారు.