పరీక్ష పనిని కొలుస్తోందా?

దేవరకొండ వైపు నుంచి నల్లగొండ ఉద్యోగ మేళాకు వచ్చే ఐటీఐ ఫిట్టర్‌ను ఒకసారి తలచుకోండి. తెల్లవారుజామునే బస్సెక్కుతాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో సర్టిఫికెట్ల జిరాక్సులు. సూక్ష్మ కొలతలు తీసే వెర్నియర్ పరికరం చేతికిస్తే మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా తడుముకోకుండా చదువుతాడు. పంపు బేరింగు అరిగిందని శబ్దం విని చెబుతాడు. అతని ముందు పెట్టేది మాత్రం ఇంగ్లిషు ప్రశ్నపత్రం. పర్యాయపదాలు, రక్తసంబంధాల చిక్కుముడులు, పేరా చదివి భావం చెప్పడం. మధ్యాహ్నానికి గోడమీద అంటించిన జాబితాలో అతని నంబరు ఉండదు. బేరింగు సంగతి అతన్ని ఎవరూ అడగరు.

అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే సమయం ఇచ్చాక ఇంకేం న్యాయం కావాలని కంపెనీలు అడుగుతాయి. పరీక్షలే వద్దు, భూములిచ్చిన ఊళ్లవారిని నేరుగా తీసుకోండని ఎదుటివారు అంటారు. జడ్చర్ల పక్కన మందుల కంపెనీలకు పెట్టిన పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం పొలాలు వదులుకున్న కుటుంబాల ఆవేదనలో ధర్మం ఉంది. అయినా మందుల కర్మాగారంలో పాళ్లు తప్పితే ఆ మాత్ర ఏ ఇంటికి చేరుతుందో ఎవరం చెప్పలేం. న్యాయం కావాలంటే కచ్చితత్వం కొంత వదులుకోక తప్పదని ఇరుపక్షాలూ లోలోపల నమ్ముతున్నట్టుంది. మా అభ్యంతరం ఆ నమ్మకం మీదే. పనితో సంబంధం లేని ప్రశ్న అభ్యర్థికి ఎంత అన్యాయం చేస్తుందో, పనిమంతుణ్ని పోగొట్టుకున్న యాజమాన్యానికీ అంతే నష్టం చేస్తుంది.

దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ కేంద్రం లేచిన జిల్లాకు మరో బొగ్గు విద్యుత్ కేంద్రం కథ చెప్పాలి. అమెరికాలోని నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ తన డాన్ రివర్ కేంద్రంలో నల్లజాతివారిని కూలి విభాగానికే పరిమితం చేసేది. వివక్షను నిషేధించే చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. అదే రోజున కంపెనీ కొత్త షరతు పెట్టింది: కూలి విభాగం తప్ప మరెక్కడ చేరాలన్నా హైస్కూలు పట్టాతో పాటు రెండు పరీక్షల్లో నెగ్గాలి. విల్లీ గ్రిగ్స్, ఆయన సహోద్యోగులు కోర్టుకెక్కారు. ఆ షరతులకూ చేయవలసిన పనికీ సంబంధం ఉన్నట్టు కంపెనీ చూపలేకపోయిందని 1971లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పట్టా లేకుండా అంతకుముందే చేరినవారు అవే విభాగాల్లో చక్కగా పనిచేస్తూనే ఉన్నారు మరి. కోర్టు పరీక్షలను తప్పుపట్టలేదు, పనిని కొలవని పరీక్షను తప్పుపట్టింది.

పరిశోధన కూడా ఇటే మొగ్గుతోంది. పరీక్ష మార్కుకూ తర్వాతి పనితీరుకూ ఎంత పొంతన ఉందో సున్నా నుంచి ఒకటి వరకు కొలిస్తే, సాధారణ మేధాశక్తి పరీక్షలకు 0.51 దాకా ఉందని మనస్తత్వ పరిశోధకులు ష్మిట్, హంటర్ 1998లో లెక్కగట్టారు. ఉద్యోగ ఎంపికల రంగం ఏళ్ల తరబడి ఆ అంకెనే పట్టుకు వేలాడింది. 2022లో పాల్ సాకెట్ బృందం తిరిగి లెక్కిస్తే అది 0.31కి దిగింది. అందరినీ అవే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలమానంతో మార్కులేసే ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది. పైగా వేర్వేరు వర్గాల అభ్యర్థుల మధ్య మార్కుల తేడా ఆ ఇంటర్వ్యూలో తక్కువ. పక్షపాతపు అనుమానాలున్న మన రాష్ట్రంలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలనే ఎత్తేశారు. అర్థం చేసుకోదగిన నిర్ణయమే. పద్ధతిగా చేసే ఇంటర్వ్యూను మాత్రం "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగే ఇంటర్వ్యూతో ఒకే గాటన కట్టకూడదు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్నవారిని ఈ జిల్లా మరచిపోలేదు. అలాంటి మణికట్టుతో ఓఎంఆర్ పత్రం మీద వృత్తాలు ఒక్కొక్కటిగా నింపడం ఎంత నెమ్మదిగా సాగుతుందో పక్కన కూర్చుని చూడాలి. జవాబు తెలిసినా పెన్ను అక్కడికి చేరేలోపు గంట మోగుతుంది. అప్పుడు ఆ పరీక్ష లెక్కల జ్ఞానాన్ని కాక మణికట్టును కొలిచినట్టు. రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సివిల్స్ అభ్యర్థి కేసులో మన సుప్రీంకోర్టు 2021లో, వైకల్యం 40 శాతానికి చేరలేదన్న కారణంతో రాతసహాయకుణ్ని నిరాకరించరాదని చెప్పింది. ప్రైవేటు కంపెనీలు ఆ తీర్పు చదవాలి.

మందుల కంపెనీల్లో తయారీ వివరాలు నమోదు చేసే బ్యాచ్ రికార్డులు ఇంగ్లిషులోనే ఉంటాయి కదా అంటారు. నిజమే. అయితే ఆ రికార్డులోని ఒక పేజీనే ఇచ్చి చదివించండి, పర్యాయపదాలెందుకు? పాళ్లు, శాతాల లెక్క తప్పనిసరైతే ఆ ప్రశ్నను తీసేయమని మేము కోరం. మంచి తెలుగులో అడగమంటాం. అనువాద యంత్రం కక్కిన తెలుగు ఇంగ్లిషుకన్నా కష్టం. అప్పటికీ పల్లె పిల్లలు వెనకబడితే మార్కులు కలిపి సరిపెట్టకుండా, పరీక్షకు ముందు ఐటీఐల్లో రెండు వారాలు ఆ లెక్కలు నేర్పించాలి. ఒక్క మార్కు తేడాతో బయటికి పంపే అలవాటూ మానాలి. అదే అభ్యర్థి మర్నాడు రాస్తే రెండు మూడు మార్కులు అటూ ఇటూ కావడం సహజం.

ఎంపికైనవారి లెక్క కూడా బయటపెట్టాలి. అమెరికాలో 1978లో ఒక కొలత పెట్టారు. ఒక వర్గం ఎంపిక రేటు, అత్యధికంగా ఎంపికైన వర్గం రేటులో ఐదింట నాలుగు వంతులకన్నా తగ్గితే ఆ పరీక్షను నిలదీయాలన్నది దాని సారం. ఇంగ్లిషు మాధ్యమంలో చదివినవారు నూటికి 50 మంది ఎంపికైన చోట తెలుగు మాధ్యమం వారు 40కన్నా తక్కువ ఉంటే కారణం అడగాలన్నమాట. నల్లగొండ, మహబూబ్‌నగర్ మేళాలకు వచ్చే ప్రతి సంస్థ నుంచి జిల్లా ఉపాధి కార్యాలయాలు ఈ అంకెలు తీసుకోవాలి. ఏడాది తర్వాత అవే సంస్థలను మళ్లీ పిలిచి, మేళాలో ఎక్కువ మార్కులు వచ్చినవారే షెడ్డులో బాగా పనిచేస్తున్నారా అని అడగాలి.