31 శాఖలు, 3 సీసాలు

జాతీయ ఎయిడ్స్ మండలి వారికి,

శ్రీకాకుళం ఒడ్డు నుంచి నమస్కారాలు.

తమరి వంశావళి మాకు కంఠతా వచ్చు. 1986లో మద్రాసులో దేశపు మొదటి హెచ్ఐవి కేసులు బయటపడ్డాయి; ఆ ఏడే ఒక జాతీయ కమిటీ పుట్టింది. 1992లో నాకో, అంటే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, వచ్చింది. దాని కింద రాష్ట్రాల సొసైటీలు, వాటి కింద జిల్లా యూనిట్లు. అందరి నెత్తినా 2005లో తమరు. అధ్యక్ష పీఠంలో సాక్షాత్తూ ప్రధానమంత్రి, చుట్టూ 31 శాఖలు. ఇది ఆరోగ్యశాఖ ఒక్కదాని గొడవ కాదు, కూలికెళ్లేవాడిదీ రైలెక్కేవాడిదీ బడిలో పిల్లదానిదీ కూడా అని ఒప్పుకోవడానికి పుట్టారు తమరు. వెటకారం పక్కన పెట్టి చెబుతున్నాం, అది మంచి ఆలోచనే.

కాకపోతే అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరన్నదే మా బెంగ.

మా ఒడ్డు ఊళ్ల నుంచి వేటకని గుజరాత్ వెరావల్ దాకా పోతారు. పోయేవాళ్లందరికీ ఈ జబ్బుందని కాదు, ఆ ముద్ర మాకొద్దు. ఉన్న ఆ కొద్దిమంది సంగతే చెబుతున్నాం. ఆగస్టులో అక్కడ వేట మొదలు, మళ్లీ జూన్ 1న నిషేధం. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాడికి ఏఆర్‌టీ సెంటర్లో, అంటే హెచ్ఐవి మందులిచ్చే చోట, మహా అయితే మూడు నెలల మందు చేతికిస్తారు. సీసాకి 30, మూడు సీసాలకి 90 మాత్రలు. రోజుకొకటే: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర. ఆగస్టు 1న మొదటిది వేసుకుంటే ఆఖరిది అక్టోబరు 29న. మే నెలాఖరుకి ఇంకా 214 రోజులు. చేపకి తెలియదు గానీ, వైరస్‌కి ఈ లెక్క బాగా తెలుసు. మందు ఆగిన వారాల్లోనే మళ్లీ పెరగడం మొదలెడుతుంది.

దారి లేదని కాదు, కాగితం మీద రాచబాటే ఉంది. వెళ్లేముందు కౌన్సెలర్‌కి చెబితే కంప్యూటర్లో ట్రాన్స్‌ఫర్ చేస్తారు. రోగి దగ్గరుండే పచ్చ పుస్తకంలో మందు పేరు, ఆఖరి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) రాస్తారు. అక్కడి సెంటర్ దాన్ని చూసి మందిస్తుంది. దేశమంతటికీ ఒకే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, పేరు సోచ్. హిందీలో ఆలోచన అని అర్థం. బాగుంది.

తిరకాసు ఎక్కడంటే, మందు ఇండెంట్, అంటే ఎంత పంపాలన్న కోరిక చీటీ, ఆ సెంటర్లో నమోదైన తలల లెక్కన పెడతారు. ఊరూపేరూ లేని తెలుగువాడొచ్చి చేయి చాపితే ఫార్మసిస్టుకి కనిపించేది రోగి కాదు, తగ్గబోయే స్టాకు. పది రోజులకి సరిపడా పోసి, ‘మీ ఊరి నుంచి లెటర్ తే’ అంటాడు. ఆ పది రోజులు అయ్యేసరికి కళాసీ, అంటే పడవ కూలీ, నడిసముద్రంలో ఉంటాడు. ఒక్కసారి వలెత్తుకుని వెళ్తే ఒడ్డు చూడటానికి రెండు మూడు వారాలు. భాష సంగతి వేరే చెప్పాలా? గుజరాతీ కౌన్సెలర్‌కి మా ‘ఏటి?’ అర్థం కాదు, వీడికి ఆవిడ ‘షూం?’ అర్థం కాదు.

ఇంకొకటి, మీటింగుల్లో వినపడనిది. సీసా మీది లేబుల్ తండేలు (పడవ పెద్ద) కళ్లబడితే వచ్చే ఏడు పడవలో చోటుండదు. అందుకని మాత్రలు కాగితంలో పోసి బనియన్లో దాచుకుంటాడు. ఉప్పుగాలికి అవి చెమ్మ పడతాయి. పైగా కడుపు మంటకని యాంటాసిడ్ మింగుతాడు. అది పడితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా ఎక్కదు. ఈ మాత్రని దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. జబ్బు పేరు చెప్పి పనిలోంచి తీసేయకూడదని 2017 చట్టం ఉంది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అంబుడ్స్‌మన్ 30 రోజుల్లో తేల్చాలి, ప్రాణం మీదికొస్తే వీలైనంతవరకు 24 గంటల్లోనే. చక్కని చట్టం. పడవలోకి ఎక్కే మెట్లే దానికి దొరకలేదు.

మూడు నెలలు రాకపోతే మా రిజిస్టర్లో అతను ‘లాస్ట్ టు ఫాలో అప్’. తప్పిపోయాడట! మనిషి ఎక్కడున్నాడో వాళ్లావిడకి తెలుసు, మేస్త్రీకి తెలుసు, అడ్వాన్సు ఇచ్చిన సేటుకి ఇంకా బాగా తెలుసు. తప్పిపోయినవి రెండు రిజిస్టర్లు, ఒకదానికొకటి.

కాబట్టి తమరు మళ్లీ కొలువు తీరినప్పుడు మత్స్యశాఖని, ఆరోగ్యశాఖని పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టండి. వేట సీజన్ తేదీలు ఒకరు చెబితే, ఇండెంట్ ఇంకొకరు మార్చాలి. వెరావల్ సెంటర్‌కి ఆగస్టుకి ముందే బయటివాళ్ల కోటా కలిపి పంపాలి. ఇక్కడ బయల్దేరేవాడికి మూడు కాదు, ఆరు సీసాలివ్వాలి.

సీసాలోని చెమ్మ పీల్చే సిలికా పొట్లం పారేయొద్దని కళాసీకి మేం చెప్పుకుంటాం.

ఇట్లు,
ఒడ్డున లెక్కలు రాసేవాళ్లు