ఎమ్మెస్ మందును న్యూరాలజిస్టు ఒక్కరే ఎంచితే చాలదు

రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల మీద దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్)తో పాటు కీళ్లవాతమో, సోరియాసిసో, పేగుల జబ్బో ఉన్న రోగికి ఏ మందు ఇవ్వాలన్నది న్యూరాలజిస్టు ఒక్కరే తేల్చే విషయం కాదు, తేల్చకూడదు కూడా. రోగనిరోధక వ్యవస్థ మనిషికి ఒక్కటే ఉంటుంది. ఒక అవయవాన్ని కాపాడడానికి దాన్ని అణచిన మందు మరో అవయవం మీదికి దాన్ని ఎగదోయవచ్చు.

ఇది ఊహ కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్ వంటి టీఎన్ఎఫ్ నిరోధక మందులు (వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునేవి) కీళ్లవాతంతో మంచం పట్టిన ఎందరినో లేపి నడిపించాయి. అదే కోవకు చెందిన లెనర్‌సెప్ట్‌ను ఎమ్మెస్ రోగులకు ఇచ్చి చూసిన పరీక్షల ఫలితాలు 1999లో వెలువడినప్పుడు, వ్యాధి తిరగబెట్టడం తగ్గకపోగా పెరిగిందని తేలింది. 2014లో జైడస్ సంస్థ అడాలిముమాబ్‌కు బయోసిమిలర్‌ను (అసలు మందును పోలిన మరో తయారీని) తెచ్చిన దేశం మనది, అందుకు సంతోషించాల్సిందే. అయితే ఆ సూది వేసే ముందు, ఎప్పుడైనా ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారిందా, కాళ్లకు తిమ్మిరెక్కి రోజుల తరబడి వదలలేదా అని, అంటే ఎమ్మెస్ ఛాయలున్నాయా అని, కీళ్ల డాక్టరు అడగడానికి పైసా ఖర్చు లేదు.

కలిసి ఆలోచిస్తే దక్కే లాభం ఇంకా పెద్దది. జర్మనీలో 1994 నుంచి సోరియాసిస్‌కు వాడుతున్న ఫ్యూమరేట్ల కుటుంబానికి చెందిన డైమిథైల్ ఫ్యూమరేట్‌కు 2013లో అమెరికాలో ఎమ్మెస్ మందుగా అనుమతి లభించింది. రెండు జబ్బులూ ఉన్నవారికి ఇంతకన్నా సహజమైన ఎంపిక ఏముంటుంది? అదే రోగికి మరో ఎమ్మెస్ మందైన ఇంటర్‌ఫెరాన్ ఇస్తే సోరియాసిస్ ముదిరే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే బయోసిమిలర్‌గా తెచ్చిన రిటుక్సిమాబ్ కీళ్లవాతానికి అనుమతి ఉన్న మందు, ఎమ్మెస్‌లోనూ వైద్యులు దాన్ని విస్తృతంగా వాడుతున్నారు. హెపటైటిస్ బీ పరీక్ష చేయించాకే దాన్ని మొదలుపెట్టాలి. ఆ తరగతి మందులతో పెద్దపేగు వాపు వచ్చిన సందర్భాలున్నాయి కనుక, పేగుల జబ్బు ఉన్నవారి విషయంలో గ్యాస్ట్రోఎంటరాలజిస్టు మాట వినాలి. అలెమ్‌టుజుమాబ్ అనే ఎమ్మెస్ మందు తీసుకున్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి కొత్తగా థైరాయిడ్ జబ్బు వస్తుంది.

మెదడుకు, వెన్నుపాముకు జరిగిన నష్టాన్ని పూడ్చలేము కాబట్టి ముందు ఎమ్మెస్, తర్వాతే మిగతావి అనే వైద్యులున్నారు. మందుల పరీక్షల్లో ఇతర జబ్బులున్నవారిని తరచుగా పక్కన పెడతారు కనుక ఆధారాలు తక్కువన్నదీ నిజమే. ఆధారాలు తక్కువైన చోటే ఇద్దరు ముగ్గురు నిపుణుల అనుభవం కలవాలి. లూపస్ అనే మరో రోగనిరోధక జబ్బు ఉన్న మనిషిలో ఎమ్మెస్ అనుకున్నది ఎన్ఎంఓ (కంటి నరాన్ని, వెన్నుపామును దెబ్బతీసే న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే జబ్బు) అయితే, ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ వంటి ఎమ్మెస్ మందులు మేలు చేయకపోగా దాన్ని ముదరబెడతాయి.

బెంగళూరులో నిపుణులకు కొదవ లేదు, కొదవల్లా వారి మధ్య మాటకే. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో అక్కడి నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వచ్చే మనవాళ్ల సంచుల్లో ఎమ్మారై ఫిల్ములుంటాయి. ఊళ్లోని కీళ్ల డాక్టరు రాసిన చీటీలు ఇంట్లో బీరువాలో ఉండిపోతాయి. రోగి చరిత్రను రోగే మోసుకు తిరగాల్సిన ఈ పద్ధతి ఎమ్మెస్‌నే కాదు, దీర్ఘవ్యాధులన్నింటినీ దెబ్బతీస్తోంది. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య ఈ చీటీలన్నింటినీ ఒకచోట చేర్చడానికి పనికిరావాలి. అంతవరకూ కనీసం, పెన్సిలిన్ పడదని రాసినట్టే, టీఎన్ఎఫ్ నిరోధకాలు ఇవ్వరాదన్న ఒక్క వాక్యాన్ని ప్రతి ఎమ్మెస్ రోగి డిశ్చార్జి సమ్మరీ పైభాగాన ఎర్ర అక్షరాలతో ముద్రించాలి.