మంచు ఎరుగని గుట్టలూ పగులుతాయి
బండ సందుల్లో చేరిన నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బడం వల్లనే కొండవాలు రాళ్లు పగులుతాయని నేను చదివిన ఒక వ్యాసంలో రాసింది సగం మాటే. సున్నాకు కొన్ని డిగ్రీల దిగువన ఆ మంచుగడ్డ చుట్టుపక్కల సన్నని రంధ్రాల్లోని నీటిని తనవైపు లాక్కుంటూ పొరపొరగా పెరిగి పగులును మరింత తెరుస్తుంది. నీరు గడ్డకట్టే చలి ఉండే లద్దాఖ్‌లోని లేహ్ దగ్గర వాలు మీద నేను చేతికి తీసుకున్న రాయి అంచు కొడవలిలా పదునుగా ఉంది. మా హనుమకొండ పద్మాక్షి గుట్ట వంటి గ్రానైటు కొండల్లో, ఎండాకాలం కాళ్లు కాలే బండల మీద, ఆ పదును కనిపించదు. పైనున్న రాతి, మట్టి భారం యుగాలుగా కొట్టుకుపోవడం వల్లా, వాననీరు ఖనిజాలను మెత్తబరచడం వల్లా ఇక్కడి గుండ్లు ఉల్లిపొరల్లా ఊడి గుండ్రబడ్డాయి. ఊడబోయే పెచ్చును రాయితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది.