మూడో రాత్రికి అదే గమ్మునుంటాది

కుక్కపిల్లల పెంపకంలో తిరుపతి అపార్ట్‌మెంట్లు లోకానికి అందించిన మహాసూత్రం ఒకటుంది. "రెండు రాత్రులు ఏడుస్తాది సామీ, మూడో రాత్రికి అదే గమ్మునుంటాది." దీన్ని ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, బైరాగిపట్టెడ నుంచి తిరుచానూరు దాకా పాటించనివాళ్లు కనబడరు.

మా పైఫ్లోర్ సార్ ఈ శాస్త్రంలో నిష్ణాతులు. మొన్న ఆదివారం లాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చారు. దానికి నెల కూడా నిండలేదు, నాలుగడుగులు వేస్తే వెనక కాళ్లు ఒకవైపు పోతాయి. ముందు మెడకి రిబ్బన్ కట్టారు, తర్వాత హారతి ఇచ్చారు, ఆపైన కేక్ కోశారు. సాయంత్రం దాకా అది నేల మీద కాలు పెట్టలేదు. అత్తగారు, మరదలు, ట్యూషన్ పిల్లలు, చివరికి వాటర్ క్యాన్ వేసే అబ్బాయి కూడా ఎత్తుకుని సెల్ఫీ దిగారు. రాత్రి పదికి పండగ అయిపోయింది. దాన్ని బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన గోనెసంచి మీద వదిలి, తలుపు గడియ పెట్టి, సార్ ఏసీ వేసుకుని పడుకున్నారు. క్రమశిక్షణ మొదటి రాత్రి నుంచే మొదలవ్వాలట.

దాని ఏడుపుకి ఒంటిగంటకి కారిడార్‌లో సర్వసభ్య సమావేశం జరిగింది. నైటీల మీద తువ్వాళ్లు, లుంగీలు, ఒకాయనకి మంకీ క్యాప్. అదీ మే నెలలో. పక్క ఫ్లాట్ అక్క ఇది దిష్టేనని తేల్చి ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఆకలని తేల్చి ఆవుపాలలో బిస్కెట్లు నానబెట్టి తెచ్చారు. ఇంజినీరింగ్ కుర్రాడు తల్లి కుక్క గుండెచప్పుడంటూ ఫోన్‌లో వీడియో పెడితే, ముందుగా బిర్యానీ డిస్కౌంట్ ప్రకటన వచ్చింది. వాచ్‌మన్ కింద నుంచి బాల్కనీలోకి టార్చి కొట్టాడు. దాంతో వీధికుక్కలన్నీ లేచి తమ అభిప్రాయం చెప్పాయి. మినిట్స్ రాయాలా అని సెక్రటరీ గారు అడిగారు. రాయమన్నారు. తన అభ్యంతరం నమోదు చేయమని హెడ్మాస్టరు గారు పట్టుబట్టారు. దేనికి అభ్యంతరమో మాత్రం చెప్పలేదు.

తలుపు తీసి లోపలికి తీసుకోండి అన్నాను.

"లోపలికి తెస్తే అలవాటైపోతాదన్నా" అన్నారు సార్.

ఇంట్లో పెంచుకోవడానికి తెచ్చినదానికి ఇల్లు అలవాటైపోతే ప్రమాదం కదా! వాదనలో బలం ఉంది కాబట్టి అందరూ తలూపారు. ఆవుపాల బలం తెల్లారాక బాల్కనీ నిండా కనిపించింది. చాలా పిల్లలకి ఆ పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. 1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి ఏకంగా పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఈ ముక్క అడగడానికి మనిషి దొరకలేదంటే ఏమనుకోవాలి?

కొండ మీద భోగ శ్రీనివాసమూర్తికే ఏకాంత సేవలో పాలు పెట్టి, జోల పాడి పడుకోబెడతారు. అదే కొండ కింద నెల పిల్లకి గోనెసంచి, గడియ.

సరే, వ్యంగ్యం చాలు. నెల పిల్లని అమ్మింది ఎవడు సార్? మీరెందుకు కొన్నారు? 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కేంద్రం 2017లోనే నిబంధన తెచ్చింది. పుట్టినప్పటి నుంచి తోటి పిల్లల మీద పడి, తల్లి పొట్టకి ఆనుకుని పడుకున్న ప్రాణం అది. ఏడిస్తే అమ్మ వస్తుందని దానికి తెలుసు. ఆ ఒక్కటే తెలుసు. మూడో రాత్రి ఎందుకు ఊరుకుంటుందో చెప్పనా? ఎంత ఏడ్చినా ఎవరూ రారని అర్థమై ఊరుకుంటుంది. దానికి మీరు ట్రైనింగ్ అని పేరు పెట్టి, ఇంకో ఇంటికి సలహా కూడా ఇస్తున్నారు. పొద్దున ఉచ్చ పోసిందని మూతి అందులో రుద్దారు. ఆ వయసులో అది రాత్రంతా ఆపుకోగలదా? మీరు రాత్రి లేచి బాత్రూంకి వెళ్లినప్పుడు మీ మూతి ఎవరైనా రుద్దారా?

ఇంతా చేసి కావలసింది ఒక అట్టపెట్టె. అది మీ మంచం పక్కనే ఉండాలి. తల్లి పడుకున్న గుడ్డముక్క అడిగి తెచ్చుకుని అందులో వేయొచ్చు. మీది ఏసీ గది కాబట్టి గోరువెచ్చని నీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి పెట్టొచ్చు. కుయ్ మంటే మంచం మీద నుంచి చెయ్యి కిందికి జారవిడిస్తే సరి, అది వాసన చూసి మళ్లీ పడుకుంటుంది. రెండు మూడు గంటలకోసారి లేచి పేపర్ మీదకి దింపాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధికుక్కలు తిరిగే చోట దింపకూడదు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఊరికే వదలదు. కుదురుకున్నాక పెట్టెని రోజూ కాస్త కాస్త జరుపుకుంటూ హాల్లోకి తెచ్చుకోవచ్చు. నిద్ర పాడవుతుందా? అవుతుంది. కేక్ కోసిన రోజు ఆ సంగతి తెలియదా?

నిన్న మినిట్స్ లిఫ్టులో అంటించారు. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా పెంపుడు జంతువులు ఏడవరాదు, ఏడిస్తే 500 రూపాయల జరిమానా. ఏడిపించేవాళ్లకి ఎంత అని సెక్రటరీ గారిని అడిగాను. అది అజెండాలో లేదన్నారు.