సందేహానికి చోటివ్వని చికిత్స

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2019 మే నెలలో ఆమోదించిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పుట్టినప్పుడు నమోదైన లింగానికీ, తానెవరో తన మనసుకు తెలిసినదానికీ పొంతన కుదరకపోవడాన్ని ఆ కూర్పులో మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించి లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు. వర్గీకరణలో అసలు చోటే లేకపోతే వైద్యసేవలకూ బీమాకూ దారి మూసుకుపోతుందన్న ఆలోచనతోనే దాన్ని పూర్తిగా తొలగించలేదు. అంతకుముందే, 2013లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన నిర్ధారణ గ్రంథం నుంచి 'రుగ్మత' అన్న పేరును తీసేసి, ఆ పొంతన లేకపోవడం వల్ల మనిషి పడే తీవ్రమైన వేదననే వైద్యం పట్టించుకోవలసిన విషయంగా గుర్తించింది. జెండర్ గుర్తింపు జబ్బు కాదనడంలో ప్రపంచ వైద్యరంగం ఇంత స్పష్టతకు వచ్చినా, అలా పొంతన కుదరక సాయం కోసం తలుపు తట్టిన ట్రాన్స్ మనిషిని చాలాచోట్ల ఇంకా తన గుర్తింపు నిజమని నిరూపించుకోమనే అడుగుతున్నారు.

ఈ అలవాటు పాతది. 1966లో హ్యారీ బెంజమిన్ అనే వైద్యుడు ఈ అంశంపై రాసిన పుస్తకం ఆనాటి క్లినిక్‌లకు ప్రమాణంగా మారింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకే భావన, శరీరమంటే ఎడతెగని విముఖత, ఏనాడూ సడలని నిశ్చయం ఉన్నవారికే శరీరాన్ని గుర్తింపుకు తగ్గట్టు మార్చే చికిత్స దక్కేది. కొంతకాలానికి వైద్యులు ఒక సంగతి గమనించారు. వచ్చినవారందరూ దాదాపు ఒకే కథ చెబుతున్నారు. అందులో వింతేమీ లేదు. వారూ ఆ పుస్తకం చదివారు. ఏ జవాబుకు తలుపు తెరుచుకుంటుందో తెలిసిన మనిషి ఆ జవాబే చెబుతాడు. పరీక్షించేవారు అబద్ధాన్ని పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్నలే నిజం చెప్పే అవకాశాన్ని లేకుండా చేశాయి.

దీనివల్ల జరిగే అసలు నష్టం మానసిక ఆరోగ్యానికి. చికిత్సకు అర్హత తేల్చే అధికారమూ, మనసు విని ఓదార్చే బాధ్యతా ఒకే వ్యక్తి చేతిలో ఉన్నప్పుడు, ఎదుట కూర్చున్నవారు ప్రతి మాటనూ తూచి మాట్లాడతారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెబితే 'ముందు కుంగుబాటు తగ్గించుకుని రండి' అంటారేమోనని భయం. చనిపోవాలనిపించిందని ఒప్పుకుంటే ఏళ్ల తరబడి వాయిదా పడుతుందేమోనని భయం. 'ఒక్కోసారి నాకే నమ్మకంగా ఉండదు' అన్న మాట అయితే గొంతు దాటదు. కుంగుబాటుకు సాయం దొరకవలసిన గదిలోనే కుంగుబాటును దాచుకోవలసి రావడం కంటే విచిత్రమైన ఏర్పాటు వైద్యంలో మరొకటి ఉంటుందా అన్నది మా అనుమానం.

ట్రాన్స్ వ్యక్తుల్లో కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపిస్తాయన్నది అనేక దేశాల అధ్యయనాల్లో తేలిన విషయమే. దీన్ని చూపించి 'గుర్తింపులోనే ఏదో తేడా ఉంది' అనేవారికి కొదవ లేదు. అయితే అల్పసంఖ్యాక సమూహాలపై నిత్యం పడే ఒత్తిడి గురించి పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో విస్తరించి చెప్పిన సిద్ధాంతం వేరే కారణాన్ని చూపిస్తుంది: ఎగతాళి, తిరస్కారం, ఎప్పుడు ఎవరేమంటారోనన్న ముందస్తు బెదురు, తనను తాను దాచుకోవడంలోని అలసట. ఆసుపత్రిలో వేచి ఉండే హాలును ఊహించుకోండి. రికార్డులో ఉన్న పాత పేరును కౌంటర్ దగ్గర నుంచి బిగ్గరగా పిలుస్తారు. ఆ పేరు గల మనిషి లేవడు. రెండోసారి ఇంకా గట్టిగా పిలుస్తారు. లేచి నడిస్తే హాలంతా తలతిప్పి చూస్తుంది, లేవకపోతే వంతు పోతుంది. ఇలాంటి నిర్ణయం రోజుకు ఎన్నిసార్లు తీసుకోవలసి వస్తుందో లెక్కవేస్తే, ఆందోళన ఎక్కడి నుంచి వస్తుందని అడగవలసిన పని ఉండదు.

అమెరికాలో 15 నుంచి 21 ఏళ్ల వయసున్న 129 మంది ట్రాన్స్ యువతతో జరిపి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇల్లు, బడి, పనిచేసే చోటు, స్నేహితుల మధ్య అన్న నాలుగింటిలో తాము ఎంచుకున్న పేరుతో పిలిపించుకోగలిగే చోటు ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం తక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే, దాని మీద మొత్తం భారం మోపలేం. అయినా పేరు పెట్టి పిలవడానికి ఖర్చు లేదు, దుష్ఫలితమూ లేదు.

ఇళ్లలో ఈ విషయం బయటపడ్డ రాత్రి సాధారణంగా మూడు ప్రశ్నలు వస్తాయి: ఎప్పటి నుంచి, ఎవరు చెప్పారు, ఖాయమేనా? తల్లిదండ్రుల కంగారు అర్థం చేసుకోదగినదే. బిడ్డ భవిష్యత్తు కళ్ల ముందు తారుమారైనట్టు అనిపించినప్పుడు ఎవరైనా అలాగే అడుగుతారు. కానీ మూడో ప్రశ్నకు ఆ క్షణాన 'ఖాయమే' అనడం తప్ప బిడ్డకు గత్యంతరం లేదు. కొంచెం తడబడినా 'చూశావా, నీకే తెలియదు' అని వినవలసి వస్తుంది. తన గురించి తాను తెలుసుకోవడం కొందరికి ఐదేళ్ల వయసులో జరుగుతుంది, కొందరికి యాభై దాటాక. కొందరు ఆడ, మగ అన్న రెండింటిలోనూ ఇమడరు. ఇంకొందరు కొన్నాళ్లు వెతుక్కుని, పుట్టినప్పుడు నమోదైన లింగమే తమకు సరిపోతుందని తేల్చుకుంటారు. ఆ వెతుకులాట కూడా వృథా కాదు, మోసమూ కాదు.

ట్రాన్స్‌గా జీవించడం మొదలుపెట్టి మధ్యలో దారి మార్చుకున్నవారి పరిస్థితి మరీ ఇరకాటం. వారి అనుభవాన్ని ట్రాన్స్ వ్యక్తులందరికీ వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడుకునేవారు ఒకవైపు, ఆ అనుభవం ఉందని ఒప్పుకోవడానికే జంకేవారు మరోవైపు. వారికి కావలసింది అందరికీ కావలసిందే: చెప్పింది వినే మనిషి, అవసరమైన వైద్యం.

పిల్లలకు యుక్తవయసును తాత్కాలికంగా నిలిపే మందుల విషయంలో మాత్రం వైద్యుల మధ్యే వివాదం ఉంది. ఆధారాలు బలహీనంగా ఉన్నాయని ఇంగ్లండ్‌లో పిల్లల వైద్యురాలు హిల్లరీ క్యాస్ నివేదిక 2024 ఏప్రిల్‌లో తేల్చింది. స్వీడన్, ఫిన్లాండ్ అంతకుముందే జాగ్రత్త పాటించాయి. ఆ వైఖరిని తప్పుపట్టిన నిపుణులూ తక్కువేమీ కాదు. ఇది ఆధారాలతో తేలవలసిన వైద్య ప్రశ్న. దీన్ని అడ్డం పెట్టుకుని పెద్దల గుర్తింపునూ, పిల్లలకు అందవలసిన కౌన్సెలింగ్‌నూ కూడా శంకించడం సరికాదు.

కౌన్సెలింగ్ పేరుతో మనిషి గుర్తింపునే 'మార్చే' ప్రయత్నాలు వేరే సంగతి. అక్కడ ఫలితం ముందే రాసిపెట్టి ఉంటుంది; మాట్లాడించడం కేవలం దాన్ని ఒప్పించడానికే. మాల్టా 2016లో చట్టం చేసి వాటిని నిషేధించింది. ప్రధాన వైద్య సంఘాలన్నీ వాటిని హానికరమని చెబుతున్నా, వృత్తి నియంత్రణ మండళ్లు వాటిని నిర్వహించేవారి లైసెన్సుల జోలికి వెళ్లడానికి ఎందుకు వెనకాడుతున్నాయో చెప్పాలి.

వైద్యుల నిర్ధారణ గానీ, శస్త్రచికిత్స గానీ, కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా అధికార పత్రాల్లో జెండర్‌ను మార్చుకునే హక్కును అర్జెంటీనా 2012లోనే చట్టంగా తెచ్చింది. దాని ప్రయోజనం పత్రాలతో ఆగదు. గుర్తింపును ధ్రువీకరించే పని కౌన్సెలర్ల భుజాల మీద నుంచి దిగిపోతే, వారి దగ్గరకు వచ్చినవారు సందేహాన్ని సందేహంగానే చెప్పుకోగలుగుతారు. చికిత్సకు ముందు అంచనా అవసరమైన సందర్భాల్లో కూడా ఆ పని ఒకరు, కౌన్సెలింగ్ మరొకరు చేయాలి. కౌన్సెలింగ్‌లో చెప్పిన మాటలు సంబంధిత వ్యక్తి అనుమతి లేకుండా అంచనా ఫైలులోకి వెళ్లకూడదు. కుంగుబాటు ఉందన్న ఒక్క కారణంతో మిగతా వైద్యాన్ని ఆపకుండా రెండింటినీ కలిపి నడపాలి. ఆసుపత్రి దరఖాస్తులో పిలవవలసిన పేరుకు ఒక గడి చేర్చడానికైతే చట్టం వచ్చేదాకా ఆగనక్కర లేదు, ఆసుపత్రి పాలనా సిబ్బంది ఈ వారంలోనే చేయగలరు.